జనవరి ఇరవై ఆరు

పార్సిల్ బుధవారం పొద్దున వచ్చింది. ఆవిష్కరణ శనివారం.

గోధుమరంగు కాగితం మీద పెద్ద అక్షరాలతో నా పేరు, ఊరు: మిస్ ఎఫీ మేర్, హార్బర్ వీధి, పోర్ట్‌లెనన్. పంపినవాళ్ళ పేరు లేదు. ఏదో బడి పిల్లలు బొమ్మలు గీసి పంపారనుకున్నాను. నెలకు రెండు మూడు అలాంటివి వస్తుంటాయి. కత్తెరతో టేపు కోసి, లోపలి పాత పేపరు మడతలు విప్పాను.

పాములా చుట్ట చుట్టుకుని ఒక తోలుపట్టా ఉంది.

రెండడుగుల పొడవు. బొటనవేలంత మందం. చివర రెండుగా చీల్చి ఉంది. పట్టుకునే చోట సిరాతో నా పేరులోని తొలి అక్షరాలు, నా చేతిరాతలోనే. బళ్ళో పిల్లల్ని బెల్టుతో కొట్టకూడదని ఉత్తర్వు వచ్చిన ఏడాది దాన్ని మూడో తరగతి గదిలో, గోడ అలమరా వెనక సందులోకి నేనే జారవిడిచాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత అది నడుచుకుంటూ నా వంటింటి బల్ల మీదికి వచ్చింది.

దాంతోపాటు ఒక చీటీ.

"గుర్తుందా టీచర్? శనివారం నేనూ వస్తున్నాను."

టీ కెటిల్ ఈలవేస్తోంది. దాన్ని ఆపకుండా చీటీ రెండోసారి చదివాను.

నాకు డెబ్భై నాలుగేళ్ళు. పిల్లల కోసం స్కాట్స్‌లో పదకొండు పుస్తకాలు రాశాను. మా ఇళ్ళల్లో, పడవల మీద, చేపల షెడ్డుల్లో మాట్లాడుకునే భాషలో పిల్లలకు పద్యాలు రాసినవాళ్ళు నేను మొదలుపెట్టినప్పుడు ఈ తీరంలో ఎవరూ లేరు. ఇప్పుడు బళ్ళలో అవి చదివిస్తున్నారు. వాటిలో అన్నిటికంటే పేరొచ్చిన నాలుగు పాదాలను ఇసుకరాయి మీద చెక్కించి, శనివారం మా రేవు గోడలో నిలబెడుతున్నారు. కింద నా పేరు.

ఆ నాలుగు పాదాలూ నావి కావు. ఆ సంగతి ఇంకా గుర్తున్నవాళ్ళు లోకంలో ఇద్దరే అనుకున్నాను. ఒకరు నేను. రెండో మనిషే ఈ పార్సిల్ పంపి ఉండాలి.

కోటు వేసుకుని రేవుకి నడిచాను. రాయి చెక్కే డోడ్ గీడ్ షెడ్డు తలుపు తెరిచే ఉంది. డోడ్ నా పాత విద్యార్థి, ఇప్పుడు పక్కింటివాడు. యాభై ఆరేళ్ళ మనిషి, మీసాల నిండా రాతిపొడి. బటరీ రొట్టె ఒకటి నోట్లో పెట్టుకుని ఇంకోటి చేత్తో పట్టుకున్నాడు.

"ఓలమ్మా, టీచరమ్మ! రాయొక్కటే సూత్తావా, రొట్టి కూడా తింటావా?"

"రాయి చూపించరా."

గోనెపట్టా తీశాడు. అక్షరాలు చక్కగా, లోతుగా దిగాయి.

సేపకి పొలుసుంది,
గువ్వకి రెక్కుంది,
గుంటకి ఏటుంది?
గుమ్మంలో అమ్ముంది.

కింద, కాస్త చిన్నగా, ఎఫీ మేర్.

"ఎలాగుంది? నీ పేరు దగ్గర సెయ్యి వణక్కుండా సెక్కినాను. సిన్నప్పుడు ఆ పేరింటే సాలు, సెయ్యే కాదు, కాళ్ళూ వణికీవి." రొట్టె మింగి, నా మొహంలోకి చూసి కన్ను గీటాడు. "ఏటి, పోస్టులో ఏటైనా ఒచ్చినాదేటి?"

"ఏం రాలేదు" అన్నాను.

అబద్ధం చెప్పే కంగారులో, వాడు ఎందుకడిగాడో ఆలోచించలేదు.

*

బీనీ కౌవీ. రిజిస్టరులో రోబినా. నలభై ఎనిమిదేళ్ళ కిందట నా మూడో తరగతిలో, కిటికీ పక్క రెండో బల్ల.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రెండేళ్ళు పరీక్షా కాలం, ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బాగుందని రాస్తేనే టీచరు. మా నాన్న పైఊళ్ళలో పొలం దున్నే కూలీ. నన్ను కాలేజీకి పంపడానికి అమ్మ పదేళ్ళు పక్కవాళ్ళ బట్టలు ఉతికింది. ఆ ఒక్క కాగితం కోసం మా ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు.

బడి నియమం అందరికీ తెలిసిందే. తరగతిలో ఇంగ్లిష్. స్కాట్స్ మాట్లాడితే బెల్టు. ఒక్క రోజు తప్ప. ఆ రోజు జనవరి ఇరవై ఐదు, మా జాతీయ కవి పుట్టినరోజు. ఆ సాయంత్రం అమ్మానాన్నలు, పాస్టరుగారు, పడవల యజమానులు బడి హాల్లో కూర్చుంటారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి ఇంటి భాషలో పద్యాలు చెబుతారు. బాగా చెప్పినవాళ్ళకు సర్టిఫికెట్టు, పుస్తకం. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. మర్నాడు పొద్దున మళ్ళీ ఇంగ్లిష్. ఈ ఏర్పాటు విడ్డూరమని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ ఏడు బీనీ పుస్తకంలోని పద్యం చెప్పలేదు. మరిచిపోయిందో, భయపడిందో. గౌను అంచు పట్టుకుని కాసేపు నిలబడి, వాళ్ళ నానమ్మ ఇసీ నిద్రపుచ్చుతూ పాడే నాలుగు ముక్కలు చెప్పేసింది. చివరి పాదం దగ్గర వెనక వరుసలో వాళ్ళమ్మ లేచి నిలబడింది, తనను పిలిచినట్టు. మొదటి బహుమతి బీనీదే. నా చేతులతో ఇచ్చాను. "చాలా బాగా చెప్పావు, బీనీ" అన్నాను. ఇంటికి వెళ్ళగానే ఆ నాలుగు పాదాలు నోటుబుక్కులో రాసుకున్నాను.

మర్నాడు ఇరవై ఆరు. చెప్పకుండా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనక బల్ల మీద కూర్చుని కలం మూత తీశాడు. నేను గోడమీది పటం చూపించి, ఈ రేవులో ఏమేం చేపలు పడతారని అడిగాను. బీనీ చెయ్యెత్తింది. నిన్నటి వెలుగు ఇంకా మొహం మీద అలాగే ఉంది.

"మా అయ్య నిన్న సేపలు బోలెడు తెచ్చినాడు మిస్! బోటంతా నిండిపోనాది! మా నానమ్మ ఏటందంటే..."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది.

అప్పుడు నాకు దారులు చాలానే ఉన్నాయి. నవ్వి ఊరుకోవచ్చు. 'ఇంగ్లిష్‌లో చెప్పమ్మా' అనవచ్చు. నేను సొరుగు లాగాను.

"రోబినా కౌవీ, ముందుకు రా. ఒకదాని మీద ఒకటి చేతులు పెట్టు."

ఆ పిల్ల నవ్వుతూనే వచ్చింది. ఇంకో బహుమతి ఇస్తాననుకుంది.

ఆరు దెబ్బలు. మూడు ఒక చేతికి, మూడు ఇంకో చేతికి. ఏడవలేదు. వెళ్ళి కూర్చుంది. ఆ ఏడాదంతా అడిగినదానికి మాత్రమే, చక్కటి ఇంగ్లిష్‌లో జవాబిచ్చింది. తర్వాతి జనవరిలో పేరివ్వలేదు. ఇన్‌స్పెక్టరు నా గురించి 'క్రమశిక్షణ ప్రశంసనీయం' అని రాశాడు. ఉద్యోగం ఖాయమైంది.

ఆరేళ్ళ తర్వాత నా మొదటి పుస్తకం వచ్చింది. దానిలో మొదటి పద్యం 'సేపకి పొలుసుంది'. కింద ఇంకో పన్నెండు పాదాలు నేను కలిపాను. అవి ఎవరికీ గుర్తులేవు. తర్వాత కాలం మారింది. ఆ ఇన్‌స్పెక్టరును పంపిన శాఖ నుంచే ఉత్తరాలు వచ్చాయి, పిల్లలకు ఇంటి భాష నేర్పాలి, మీరు వచ్చి చదవండి అని. వెళ్ళాను. చప్పట్లు కొట్టారు. ప్రతి బడిలోనూ రెండో బల్ల వైపు చూడకుండా చదవడం అలవాటు చేసుకున్నాను.

*

బీనీ చిరునామా బేకరీలో దొరికింది. కౌంటరు దగ్గర ఆమె చుట్టం ఉంటుంది. "ఎల్గిన్‌లో ఉంటాది, కేథడ్రల్ ఎనకాల తెల్ల తలుపిల్లు. ఊర్లోకి రాదు, మాతో మాటాడదు. దొరసానిలాగ మాటాడతాది టీచరమ్మా, నీకైతే నచ్చుతాది" అని నవ్వింది.

గురువారం పది గంటల బస్సెక్కాను. బెల్టు సంచిలో పెట్టుకున్నాను. ఏం మాట్లాడాలో దారి పొడవునా కూడబలుక్కున్నాను. ఆమె బెదిరిస్తే ఒప్పుకోవాలి. తిడితే పడాలి. శనివారం రావద్దని మాత్రం అడగకూడదు. బక్కీ ఊరు దాటేసరికి ఆ చివరిదే అడగాలనిపించింది.

తెల్ల తలుపు. ఇత్తడి గంట. తలుపు తీసిన మనిషికి నెరిసిన పొట్టి జుట్టు, మెడకు గొలుసుతో కళ్ళద్దాలు. ఒక్క క్షణంలో గుర్తుపట్టింది. మొహంలో కోపం లేదు. దంతవైద్యుడి దగ్గర ముందుగదిలో బల్ల వెనక కూర్చున్నవాళ్ళు మన పేరు అడిగేముందు చూస్తారే, అలా చూసింది.

"నమస్కారం, మిస్ మేర్. లోపలికి దయచేయండి. కోటు ఇటు ఇవ్వండి."

"బీనీ, నువ్వు పంపినది ఒచ్చినాది" అన్నాను. ఇంటి భాషలోనే అన్నాను. ఆ భాషలో మాట్లాడితే సగం దూరం తగ్గుతుందనుకున్నాను.

"క్షమించండి. నేను మీకు ఏమీ పంపలేదు."

సంచిలోంచి బెల్టు తీసి బల్లమీద పెట్టాను. ఆమె దాన్ని చూసింది. రెండు చేతులూ వెనక్కి వెళ్ళిపోయాయి. అవి వెళ్ళాయని ఆమెకు తెలిసినట్టు లేదు.

ఆమె పంపలేదు. అప్పటికే అర్థమైంది. అయినా ఇంతదూరం వచ్చాక వెనక్కి తిరగడం ఇంకా సిగ్గుచేటు. అంతా చెప్పాను. ఇన్‌స్పెక్టరు, ఖాయం కాని ఉద్యోగం, నోటుబుక్కు, పుస్తకం, రాయి. చెప్పి, ఒకదాని మీద ఒకటి చేతులు చాచాను.

"కొట్టు. ఆరూ కొట్టు."

"దయచేసి నాటకాలు వద్దు" అంది బీనీ. "మూడు గంటలకు నా మనవరాలు బడి నుంచి వస్తుంది. దాన్ని సంచిలో పెట్టేయండి."

పెట్టేశాను. ఆమె టీ తెచ్చింది. కప్పు కింద సాసరు, సాసరు కింద చిన్న గుడ్డ.

"మీకు కృతజ్ఞత చెప్పాలి. మీరు నేర్పిన ఇంగ్లిష్ వల్ల నాకు ఉద్యోగం దొరికింది. వైద్యుడిగారి ముందుగదిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. నేను ఎక్కడి నుంచి వచ్చానో ఎవరూ కనిపెట్టలేదు."

వెక్కిరింపు కాదు. నిజంగానే చెబుతోంది. అందుకే తట్టుకోలేకపోయాను.

"ఆ పద్యం పుస్తకంలో చూశాను" అంది. "మనవరాలు ఎయిల్సా ఇంటికి తెచ్చింది. తీసుకున్నందుకు కోపం రాలేదు. చదివి ఒకటే అనుకున్నాను. ఈమెకు నచ్చింది. బహుమతి ఇచ్చిన రోజు ఎంత నచ్చిందో, కొట్టిన రోజూ అంతే నచ్చింది. ఇంటికి వెళ్ళి రాసుకున్నారంటే నచ్చినట్టే కదా. మరి ఎందుకు కొట్టారు?"

ఇన్‌స్పెక్టరు సంగతి అప్పటికే చెప్పాను. మళ్ళీ చెబితే ఇంకా చిన్నదైపోతుంది.

"మా అమ్మ ఆరేళ్ళ కిందట పోయింది" అంది బీనీ. కిటికీ వైపు తిరిగి మాట్లాడుతోంది. "చివరి రోజుల్లో ఆసుపత్రిలో నన్ను ఒకటే అడిగింది. జనవరి రోజున చెప్పావే, నానమ్మ పాట, అది ఒక్కసారి చెప్పమని. నేను నోరు తెరిచాను. అరచేతులు మండాయి. యాభై ఏళ్ళ మనిషిని, మిస్ మేర్! నాలుక తిరగలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను."

"ఏమని?"

ఆమె వీపు నిటారుగా చేసుకుంది. తరగతిలో లేచి నిలబడినట్టు చెప్పింది.

"చేపకు పొలుసు ఉన్నది. పక్షికి రెక్క ఉన్నది. శిశువుకు ఏమి ఉన్నది? ద్వారమున మాతృమూర్తి ఉన్నది."

చెప్పి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"అమ్మ చాలా మర్యాదగా, 'చాలా సంతోషమండీ' అంది. నర్సుతో అన్నట్టు. మర్నాడు పోయింది."

కోటు తొడుక్కునేటప్పుడు గుండీలు పెట్టుకోబోయాను. ఆమే పెట్టింది, ఒక్కొక్కటీ. శనివారం రమ్మని అడిగాను. ఆ నాలుగు పాదాలు నువ్వే చెప్పాలని, రాయి మీద మీ నానమ్మ పేరు పెట్టిస్తానని అన్నాను.

"మా నానమ్మకు చదవడం వచ్చేది కాదు" అంది బీనీ. "పెట్టినా, పెట్టకపోయినా ఆమెకు ఒకటే. మీకు ఎలా తోస్తే అలా చేయండి."

*

శుక్రవారం పొద్దున్నే డోడ్ షెడ్డుకి వెళ్ళాను. పార్సిల్ కాగితం, చీటీ, బెల్టు వాడి ముందు పడేశాను. ఆ అక్షరాలు రాయి చెక్కే ముందు సుద్దతో గీసుకునేవాడి అక్షరాలని అప్పటికి నాకు తట్టింది.

డోడ్ తొడ చరుచుకుని నవ్వాడు. "ఒచ్చినాదా! ఒచ్చి కూడా రాలేదన్నావేటి? పాత బడి ఇప్పి ఇళ్ళు కడతన్నారు గదా, గోడ సందులో దొరికినాది. శనివారం దాకా దాసి అందరి ముందరా ఇద్దుననుకున్నాను. మా ఆడది తిట్టినాది, అందుకే పోస్టులో ఎట్టినాను. బయపడ్డావేటి?"

"ఎల్గిన్ ఎళ్ళొచ్చినాన్రా."

"ఎల్గిన్ ఏల?"

చెప్పాను. మొదట నవ్వు ఆగింది. తర్వాత చేతిలోని ఉలి కింద పెట్టాడు.

"బీనీయా... నా పక్క బల్లే. ఆ రోజు మావందరం సూసినాం." కాసేపు మీసాల్లో పొడి దులుపుకున్నాడు. "వారంకోసారి బెల్టు తిన్నోణ్ణి నాను. నాకది నవ్వులాట. నవ్వలేనోళ్ళు ఊరొదిలేసి ఎళ్ళిపోనారు, ఆళ్ళని మావు అడగనే లేదు."

"నా పేరు తీసెయ్యరా డోడ్."

"ఇది పలకేటి, తుడిసీడానికి? ఇసకరాయి. అరంగుళం గొయ్యి పడతాది. కమిటీవోళ్ళు నన్ను తినెత్తారు."

"పడనీ. ఆ గోతిలో ఇసీ కౌవీ అని సెక్కు."

వాడు రాయి అరగదీసే మెషిన్ ఆన్ చేశాడు. నా పేరు పొడి అయిపోవడానికి పావుగంట కూడా పట్టలేదు.

*

శనివారం గాలి ఎక్కువగా ఉంది. రేవు గోడ దగ్గర వందమంది దాకా చేరారు. ఎల్గిన్ బడి నుంచి కూడా పిల్లల్ని బస్సులో తెచ్చారు. చేపల షెడ్డు మూల దగ్గర నీలం రెయిన్‌కోటులో బీనీ నిలబడి ఉంది.

గుడ్డ లాగారు. కమిటీ అధ్యక్షురాలు కొత్త పేరు చూసి నా వైపు తిరిగింది. నేను మైకు తీసుకున్నాను. దాచకుండా చెప్పాను. ఈ పాదాలు ఇసీ కౌవీవి. వాటిని నాకు చెప్పిన ఎనిమిదేళ్ళ పిల్లకు జనవరి ఇరవై ఐదున బహుమతి ఇచ్చాను, ఇరవై ఆరున అదే భాషకు బెల్టుతో ఆరు దెబ్బలు కొట్టాను. తర్వాత ఆ పాదాలు నావని అచ్చేశాను.

వెనకనుంచి ఎవరో జాలరి అరిచాడు.

"ఆరేనా టీచరమ్మా? నాకు పన్నెండు ఎట్టినావు!"

నవ్వులు. ఇంకొకడు రెండు అరచేతులూ పైకెత్తి చూపించాడు. "ఇవిగో, ఇప్పటికీ ఎర్రగున్నాయి! అందుకే మావు బాగుపడ్డాం!" పక్కవాడు, వాడి పక్కవాడు. యాభై దాటిన మగవాళ్ళు చిన్నపిల్లల్లా చేతులు చాచి పకపకా నవ్వుతున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. నన్ను క్షమించేశారు. క్షమించాల్సింది వాళ్ళు కాదు. నేను మైకులో "కాదు, వినండి" అన్నాను. గాలికి, చప్పట్లకి అది ఎవరికీ చేరలేదు. డోడ్ ఒక్కడే నవ్వకుండా నేల చూస్తున్నాడు.

పిల్లలు వరసగా నిలబడి పద్యం చెప్పారు. జనం టీ కోసం హాల్లోకి కదిలారు.

రాయి దగ్గర నేనే మిగిలాను. బీనీ వచ్చింది. నాతో మాట్లాడలేదు. చేతి తొడుగు తీసి, గోతిలోని పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం తడిమింది. తర్వాత మొదటి పాదం దగ్గరికి వెళ్ళింది. గొంతు సవరించుకుంది.

చదివింది. నాలుగు పాదాలూ, రాయి మీద ఉన్నది ఉన్నట్టు. ఒక్క మాట తప్పులేదు. రేడియోలో వార్తలు చదివే మనిషి పరాయి దేశపు ఊరి పేరు జాగ్రత్తగా పలికినట్టు చదివింది. ఆ పాట హాల్లో ఆ సాయంత్రం ఎలా వినిపించిందో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఇద్దరం అది రాకపోవడం విన్నాం.

"ఇంతే వస్తుంది" అంది బీనీ.

తొడుగు మళ్ళీ వేసుకుంది. నా సంచిలో ఆమె చెప్పిన పాదాలు రాసుకున్న పాత నోటుబుక్కు ఉంది. ఇద్దామని తెచ్చాను. బయటికి తీసి చాచాను. ఆమె దానివైపు చూసి, తీసుకోకుండానే, మర్యాదగా తల ఊపింది.

బస్సుల దగ్గర నుంచి రెండు జడల పిల్ల ఒకటి పరిగెత్తుకుంటూ వచ్చింది. చంకలో నా పుస్తకం.

"అమ్మమ్మా! బస్సు ఎళ్ళిపోతాది! బేగి రాయే, ఎంతసేపూ ఏటి సూత్తావు?"

బీనీ ఆ పిల్ల టోపీ సర్దింది.

"వస్తున్నానమ్మా" అంది. "పరిగెత్తకు. నేల తడిగా ఉన్నది."